ఇంటి వడ్రంగం – 4వ పాఠం: వెనీర్‌ను వాక్యూమ్ బ్యాగులో అతికించడం

మూడో పాఠం పూర్తిచేసినవాళ్ల దగ్గర ఈపాటికి 18 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు కోసిన 18 మి.మీ. ఎండీఎఫ్ (చెక్క పొడిని జిగురుతో నొక్కి చేసిన బోర్డు) పలక ఉండాలి. రెండు టేకు వెనీర్ ఆకుల్ని, అంటే పల్చగా కోసిన చెక్క పొరల్ని, అంచుకు అంచు కలిపి పేపర్ టేపు వేసిన షీటు కూడా సిద్ధంగా ఉండాలి. వెనకవైపుకి చవక రకం వెనీర్ ఇంకొకటి కోసుకోమన్నాను. ఎలాగూ కనపడని వైపే కదా అని దాన్ని వదిలేసినవాళ్లు ముందు ఆ పని చూడండి. ఒక్కవైపే అతికిస్తే జిగురులో తడి ఆరేకొద్దీ ఆ వైపు లాక్కుపోయి పలక వంగుతుంది. అలా వంగిన అల్మారా తలుపుకి ఎన్ని కీలు బిగించినా ఏదో ఒక మూల నోరు తెరుచుకునే ఉంటుంది.

బ్యాగులో పలకను నొక్కేది పంపు కాదు, బయట ఉన్న గాలి. సముద్రమట్టం దగ్గర చదరపు సెంటీమీటరుకి సుమారు ఒక కిలో చొప్పున గాలి అన్నివైపుల నుంచీ మనల్ని నొక్కుతూనే ఉంది. బ్యాగు లోపలి గాలి లాగేస్తే బయటి గాలికి ఎదురు నిలిచేది ఉండదు. ఎంత గాలి లాగామో పాదరసం మి.మీ.ల్లో చూపే గేజు ముల్లు 635 దగ్గర నిలబడితే చదరపుటడుగు మీద దాదాపు 800 కిలోలు పడుతున్నట్టు లెక్క. మన పలక మూడు చదరపుటడుగులు, అంటే 2,400 కిలోలు. ఇంత బరువు క్లాంపులతో తేవాలంటే డజనుకు పైగా కావాలి. తెచ్చినా అవి బిగించిన చోటే గట్టిగా, మధ్యలో వదులుగా నొక్కుతాయి.

హైదరాబాదులో ఉన్నవాళ్లకి ఓ చిన్న మాట. ఊరు సముద్రమట్టానికి అయిదు వందల మీటర్ల పైన ఉంది కాబట్టి గేజు 700 దాటాక ముల్లు ఇక పెద్దగా కదలదు. విశాఖలో అదే పంపు ఇంకాస్త పైకి పోతుంది. పంపు పాడైందేమో అని విప్పదీయకండి. మన పనికి 600 చాలు.

గాలి అంతటా ఒకేలా నొక్కుతుంది కాబట్టే ఇబ్బంది కూడా. నొక్కకూడని చోట కూడా అంతే బలంగా నొక్కుతుంది. లోపల బోలుగా ఉన్న పెట్టెనో, సన్న ఫ్రేము మీద ప్లై కొట్టిన తలుపునో బ్యాగులో పెడితే చప్పున లోపలికి కుంగిపోతుంది. జిగురులో ఒక్క రంపపు పొట్టు రవ్వ చిక్కినా, పాలిష్ వేశాక వెలుగులో అది మొటిమలా లేస్తుంది. ఈ పాఠంలో సగానికి సగం జాగ్రత్తలు ఇందుకోసమే.

పంపు కోసం పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఏసీ మెకానిక్కులు గ్యాస్ నింపే ముందు వాడే రోటరీ పంపు ఇలాంటి చిన్న పలకలకి సరిపోతుంది. పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో చేసుకున్నవాళ్లూ ఉన్నారు. గాలి నెమ్మదిగా లాగుతుంది, అంతే. నూనె మట్టం చూసుకోండి. పంపుకీ బ్యాగుకీ మధ్య గొట్టంలో మాత్రం వెనక్కి గాలి పోనివ్వని వాల్వు ఒకటి తప్పనిసరిగా పెట్టండి. జిగురు వేసి పదినిమిషాలు కాకముందే కరెంటు పోవడం మనకి కొత్త కాదు. ఆ వాల్వు ఉంటే బ్యాగు బిగుతుగానే ఉంటుంది. లేకపోతే పంపు లోంచి గాలి వెనక్కి వచ్చి వెనీర్ లేస్తుంది.

బ్యాగు వినైల్‌దైతే కనీసం అర మిల్లీమీటరు మందం ఉండాలి. పాలీయురెథేన్‌ది ఖరీదు ఎక్కువే గానీ మొండిది. బ్యాగు లోపల అడుగున సన్‌మైకా వేసిన పలక ఒకటి పరచాలి. దాని మీద నాలుగేసి అంగుళాలకి ఒకటి చొప్పున నిలువుగా, అడ్డంగా 3 మి.మీ. లోతు గాడులు రంపంతో తీయండి. గాడులు లేకపోతే గొట్టం మూతి దగ్గర బ్యాగు ముందే అతుక్కుపోయి, అవతలి మూలన గాలి చిక్కడిపోతుంది. గేజు మాత్రం అంతా బాగున్నట్టే చూపిస్తుంది. అడుగు పలక అంచులు, మూలలు ఉప్పుకాగితంతో గుండ్రంగా చేయకపోతే బ్యాగు చిరిగేది అక్కడే.

వెనీర్ పైన ఇంకో పలక పెట్టాలి. వెనీర్ నాలుగువైపులా 3 మి.మీ. ఎక్కువ ఉంచుకున్నారు కదా, పై పలక ఆ వెనీర్ అంతే ఉండాలి. చిన్నదైతే బయటికి పొడుచుకొచ్చిన వెనీర్‌ని బ్యాగు కిందికి వంచుతుంది. టేకు ఆకు అంచు దగ్గర పుటుక్కున విరుగుతుంది, ఆ చీలిక చెక్క చార వెంట లోపలికి పాకుతుంది.

ఇక జిగురు. మన వడ్రంగులు చాలామంది రబ్బరు జిగురు రెండువైపులా రాసి, ఆరనిచ్చి, వెనీర్‌ని చేత్తో ఒత్తేస్తారు. ప్లై వెన్ను ఉన్న షీటుకి అది నడుస్తుందేమో గానీ, వెన్ను లేని అర మిల్లీమీటరు వెనీర్‌కి నేను ఒప్పుకోను. ఆ జిగురు ఎప్పటికీ మెత్తగానే ఉంటుంది. పైన కొట్టే పాలిష్‌లోని థిన్నర్ చెక్క సందుల్లోంచి దిగి దాన్ని కరిగిస్తే బుడగలు లేస్తాయి. వంపు తిరిగిన పనికి యూరియా రెసిన్ పొడి మంచిది, రాయిలా గట్టిపడుతుంది. మాస్కు పెట్టుకుని కలపండి. ఇప్పటి చదును పలకకి ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు చాలు. చిక్కల్లా దాని తొందరతోనే. మే నెల మధ్యాహ్నం ఫ్యాను కింద అయిదు నిమిషాలకే మీగడ కట్టేస్తుంది. వేసవిలో ఈ పని పొద్దున్నే, ఫ్యాను ఆపి చేయండి.

అందుకే జిగురు మూత తీయకముందే అంతా ఒకసారి ఉత్తుత్తిగా చేసి చూడాలి. పలక, వెనీర్లు, పై పలక అన్నీ పేర్చి బ్యాగులో పెట్టి, మూతి పట్టీ బిగించి, 600 దాకా లాగి పంపు ఆపండి. పది నిమిషాల్లో ముల్లు యాభై కన్నా ఎక్కువ పడిపోతే ఎక్కడో కారుతోంది. చాలాసార్లు పట్టీ రెండు చివర్లలోనే ఉంటుంది. చెవి దగ్గర పెడితే సన్నటి చప్పుడు వినిపిస్తుంది.

ఇప్పుడు అసలు పని. పలకని బ్రష్షుతో దులిపి, వంటింటి త్రాసు మీద ఒక్కో వైపుకి 50 గ్రాముల జిగురు తూచుకోండి. జిగురు పలకకే పూయాలి, వెనీర్‌కి కాదు. వెనీర్‌కి పూస్తే తడికి చాపలా చుట్టుకుపోతుంది. స్పాంజి రోలర్‌తో పూశాక లైటు పక్కనుంచి వేసి, తల వంచి చూడండి. పలకంతా ఒకేలా తడిగా మెరవాలి. మసకగా ఉన్నచోట జిగురు తాగేసింది, ఇంకాస్త పూయండి. గుంటలా నిలిచి ఉంటే రోలర్‌తో లాగేయండి. ఎక్కువైన జిగురు టేకు సందుల్లోంచి పైకి వస్తే పాలిష్ పట్టని మచ్చలు పడతాయి.

అడుగు పలక మీద పాలిథిన్ కాగితం, దాని మీద వెనక వెనీర్, ఆపైన జిగురు వైపు కిందికి ఉండేలా మన పలక. అప్పుడు పైవైపు జిగురు పూసి, టేకు షీటుని పేపర్ టేపు పైకి కనపడేలా దించండి. టేపు లోపలికి పోయిందంటే ఇక బయటికి రాదు. పక్కకి జారకుండా రెండు అంచుల దగ్గర మాస్కింగ్ టేపు ముక్కలు వేయండి. మళ్లీ పాలిథిన్, పై పలక. పంపు మొదలయ్యాక తొలి అరనిమిషం బ్యాగు ముడతల్ని చేత్తో బయటికి లాగుతూ ఉండండి. బిగుసుకున్నాక మీరేం చేసినా అవి కదలవు.

వేసవిలో గంట, చలికాలంలో రెండు గంటలు ఉంచండి. బ్యాగులోంచి తీసిన పలక ఆరిపోయిందనుకోవద్దు. అక్కడ తడి బయటికి పోయే దారి లేదు కాబట్టి, అది చెక్కలోనే దాక్కుంటుంది. బల్ల మీద పడుకోబెడితే పైవైపు ముందు ఆరి పలక దొన్నెలా లేస్తుంది. సన్న బద్దల మీద నిలబెట్టి, రెండువైపులా గాలి తగిలేలా మర్నాటిదాకా వదిలేయండి.

మర్నాడు గోటితో పలకంతా తట్టుకుంటూ వెళ్లండి. ఎక్కడైనా డొల్ల చప్పుడు వస్తే అక్కడ జిగురు పట్టలేదు. కొత్త బ్లేడుతో చార వెంట చిన్న గాటు పెట్టి, సిరంజితో రెండు చుక్కల జిగురు దింపి, పైన కాగితం వేసి ఓ మోస్తరు వేడి ఇస్త్రీపెట్టెతో నొక్కి, చల్లారేదాకా బరువు పెట్టండి. గాటు చారలో కలిసిపోతుంది.

అయిదో పాఠంలో ఈ పలక అంచులు కోసి, పేపర్ టేపు తీసి, ఉప్పుకాగితం పట్టిద్దాం. అప్పటికి 180, 240 నంబరు కాగితాలు, పదునైన ఉలి ఒకటి దగ్గర పెట్టుకోండి. 80 నంబరు కాగితం మాత్రం కనపడకుండా దాచేయండి. అది రెండు రుద్దుల్లో టేకుని దాటి ఎండీఎఫ్‌లోకి దిగుతుంది.