గొర్రెల మీథేన్ లెక్క – 3వ పాఠం: మేత, జాతి, వాతావరణం

పోయిన పాఠంలో రూమెన్ (గొర్రె పొట్టలో మేత పులిసే పెద్ద గది) లోపల ఏం జరుగుతుందో చూశాం. సూక్ష్మజీవులు పీచును పులియబెడితే హైడ్రోజన్ మిగులుతుంది. మెథనోజెన్లు అనే మరో రకం సూక్ష్మజీవులు దాన్ని కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి మీథేన్‌గా మారుస్తాయి. గొర్రె దాన్ని త్రేన్పులతో, ఊపిరితో వదిలేస్తుంది. అందరూ అనుకున్నట్టు వెనక నుంచి పోయేది చాలా తక్కువ. ఇవాళ కాగితం, కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి.

ఒక గొర్రె రోజుకు కిలో పొడి పదార్థం తింటోందనుకుందాం. అందులో సుమారు 18.45 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. గొర్రెల్లో ఈ శక్తిలో 6.7 శాతం మీథేన్‌గా పోతుందని ఐపీసీసీ (వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) 2019 మార్గదర్శకాలు లెక్కగట్టాయి. 18.45ని 0.067తో గుణిస్తే 1.236 మెగాజౌళ్లు. కిలో మీథేన్‌లో ఉండే శక్తి 55.65 మెగాజౌళ్లు, కాబట్టి 1.236ని దాంతో భాగించండి. 0.0222 కిలోలు వస్తుంది, అంటే రోజుకు 22 గ్రాములు. ఏడాదికి 8 కిలోల పైచిలుకు.

చాలామంది బోల్తా పడేది ‘పొడి పదార్థం’ దగ్గరే. పచ్చిగడ్డిలో ఎక్కువ భాగం నీళ్లే. అయిదు కిలోల లేత గడ్డిలో పొడి పదార్థం కిలోకి మించకపోవచ్చు. తూచిన అయిదు కిలోలూ అలాగే లెక్కలో వేస్తే జవాబు 111 గ్రాములొస్తుంది, శుద్ధ తప్పు. వంద గ్రాముల గడ్డి తూచి, సన్నగా తరిగి, బరువు ఇక తగ్గదు అనేదాకా ఆరబెట్టి మళ్లీ తూచండి. 22 గ్రాములు మిగిలితే 22 శాతం పొడి పదార్థం అన్నమాట.

ఇక మేత సంగతి. మూడింటిలో మన చేతిలో ఉన్నది ఇదే, అందుకే దీని దగ్గరే ఎక్కువసేపు ఆగుదాం. ముదిరిన, పీచు ఎక్కువున్న గడ్డి పులిస్తే అసిటేట్ అనే ఆమ్లం ఎక్కువ తయారవుతుంది, దాంతోపాటు హైడ్రోజన్ కూడా. గింజలు, దాణా పులిస్తే ప్రొపియోనేట్ అనే ఇంకో ఆమ్లం వాటా పెరుగుతుంది. అది హైడ్రోజన్‌ని తానే వాడేసుకుంటుంది కాబట్టి మెథనోజెన్లకు మిగిలేది తక్కువ. టానిన్లనే వగరు పదార్థాలున్న కొన్ని పప్పుజాతి మేతలు, మేతలో కొద్దిగా కలిపే నూనె కూడా మీథేన్‌ని తగ్గిస్తాయి. అలాగని నూనె చెయ్యి జారితే పీచు అరగడం మందగిస్తుంది, మేత తినడమే తగ్గిపోతుంది. పాలు మాత్రమే తాగే పిల్లల్లో మీథేన్ దాదాపు ఉండదు, ఎందుకంటే పాలు రూమెన్‌లోకి దిగకుండా పక్క దారిన వెళ్లిపోతాయి.

ఇప్పుడు అసలు మెలిక. ఒక పొట్టేలు పిల్ల రోజుకు కిలో ఎండుగడ్డి (పొడి లెక్కన) తిని 50 గ్రాములు పెరుగుతోంది, 22 గ్రాముల మీథేన్ వదులుతోంది అనుకుందాం. ఇంకోటి మంచి మేత 1.4 కిలోలు తిని, 28 గ్రాములు వదిలి, 175 గ్రాములు పెరుగుతోంది. రోజువారీ లెక్కలో రెండోదే ‘దోషి’. కానీ కిలో బరువు పెరగడానికి మొదటిది 440 గ్రాములు వదిలితే, రెండోది 160 గ్రాములే. మీథేన్ అంకె ఎక్కడ కనబడినా ‘దేనికి ఇంత?’ అని అడగండి: తలకా, కిలో మేతకా, కిలో మాంసానికా? ఇది చెప్పకుండా వేసే పట్టికలను నేనైతే పక్కన పెట్టేస్తాను.

జాతుల మధ్య తేడా ఉందా అంటే, ఉంది గానీ వినిపించేంత లేదు. పెద్ద జాతి ఎక్కువ తింటుంది, ఎక్కువ వదులుతుంది. కిలో మేతకు లెక్కేస్తే ఆ తేడా చాలావరకు కరిగిపోతుంది. ఒకే జాతిలో గొర్రెకీ గొర్రెకీ ఉండే తేడాయే ఆసక్తికరం. న్యూజిలాండ్‌లో తక్కువ వదిలే వాటిని, ఎక్కువ వదిలే వాటిని విడివిడిగా తరతరాలుగా ఎంపిక చేస్తూ వచ్చారు. మూడు తరాలకు కిలో మేత లెక్కన దాదాపు 10 శాతం తేడా కనబడింది. తక్కువ వదిలే గొర్రెల రూమెన్ కొంచెం చిన్నది, మేత అందులో ఎక్కువసేపు నిలవదు. అక్కడ గొర్రెను గంటలోపు మూసిన పెట్టెలో నిలబెట్టి కొలిచే పద్ధతి ఉంది, పొలం దగ్గరికే బండిలో తీసుకెళ్తారు. ఎంపిక నెమ్మదిగా ఫలిస్తుంది, కానీ ఒకసారి వచ్చిన లాభం తర్వాతి తరాలకూ అందుతుంది.

వాతావరణం రెండు దారుల్లో పనిచేస్తుంది. నేరుగా ఒంటి మీద: చలిలో మేత పొట్టలోంచి త్వరగా కదిలిపోతుంది, మీథేన్ తగ్గుతుంది. ఎండ ముదిరితే గొర్రె తక్కువ తింటుంది, కాబట్టి రోజు మొత్తం తగ్గొచ్చు, కానీ మేత పొట్టలో ఎక్కువసేపు నానుతుంది. రెండో దారి గడ్డి ద్వారా: వేడి ప్రాంతాల గడ్డి తొందరగా ముదిరి పీచుబారుతుంది, కిలో మేతకు మీథేన్ పెరుగుతుంది. నా లెక్కలో రెండోదే బలమైనది. అందుకే రెండు ప్రాంతాల గొర్రెలను పోల్చి ‘ఇది ఎండ ప్రభావం’ అనే ముందు అవి ఏం తిన్నాయో చూడాలి.

అభ్యాసం: 40 గొర్రెల మంద. 8 నెలలు ఒక్కోటి రోజుకు 6 కిలోల పచ్చిగడ్డి తింటుంది, పొడి పదార్థం 22 శాతం. మిగతా 4 నెలలు 900 గ్రాముల ఎండుగడ్డి, పొడి పదార్థం 88 శాతం. నెలకు 30 రోజులు వేసుకుని మంద మొత్తం మీథేన్ కట్టండి. తర్వాత ఎండుగడ్డి నెలల్లో 6.7 బదులు 7.5 శాతం పెట్టి మళ్లీ చేయండి, మొత్తం ఎంత కదిలిందో రాసిపెట్టుకోండి. జవాబులు వచ్చే పాఠంలో, పెంటికల నుంచి వచ్చే మీథేన్‌తో కలిపి చూద్దాం.