చెస్ ఇంజిన్ పలకట్లేదా? ముందు ప్రోటోకాల్ చూడండి

చెన్నైలో పిల్లల్ని చెస్ క్లాసులకు పంపే మన తెలుగువాళ్లకు పనికొస్తుందని చెబుతున్నా. దించుకున్న ఇంజిన్, అంటే ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రామ్, బోర్డును తెరమీద చూపించే బోర్డు ప్రోగ్రామ్‌లో పలకకపోతే ఫైల్ పాడైందని మళ్లీ మళ్లీ డౌన్‌లోడ్ చేయకండి. అవి రెండూ మాట్లాడుకునే పద్ధతి (ప్రోటోకాల్) వేరై ఉండొచ్చు. పాతది ఎక్స్‌బోర్డ్, దాన్నే విన్‌బోర్డ్ అని కూడా అంటారు. 2000లో వచ్చింది యూసీఐ.

ఏదో తేల్చుకోవడం తేలికే. ఇంజిన్ ఫైల్‌ని నేరుగా డబుల్ క్లిక్ చేసి, నల్ల విండోలో ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో యూసీఐ (uci) అని కొట్టి ఎంటర్ నొక్కండి. నాలుగు లైన్లు వచ్చి చివర 'యూసీఐఓకే' (uciok) అని పడితే అది యూసీఐ ఇంజిన్. స్టాక్‌ఫిష్ ఈ రకమే. క్రాఫ్టీ లాంటి పాతవి ఎక్స్‌బోర్డ్. ఇంజిన్ చేర్చేటప్పుడు బోర్డు ప్రోగ్రామ్ రకం అడిగితే అదే ఎంచుకోండి.

టెన్షన్ వద్దనుకుంటే అరీనా గానీ క్యూట్ చెస్ గానీ బోర్డు ప్రోగ్రామ్‌గా వేసుకోండి, రెండు పద్ధతులూ వాటికి తెలుసు. ఎక్స్‌బోర్డ్ మాత్రమే తెలిసిన బోర్డుకు యూసీఐ ఇంజిన్ తగిలించాలంటే మధ్యలో దుబాసీలా పాలీగ్లాట్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది. కానీ దాని సెట్టింగ్స్ ఫైల్‌తో కుస్తీ పట్టడం కన్నా బోర్డు మార్చుకోవడమే నయం.

అన్నట్టు, స్టాక్‌ఫిష్ మొదట్లో ఒక్క థ్రెడ్ (ప్రాసెసర్‌లో ఒకేసారి నడిచే పని వరస), 16 ఎంబీ హ్యాష్ (చేసిన లెక్కలు గుర్తుంచుకునే మెమరీ)తోనే నడుస్తుంది. యూసీఐలో ఇంజినే తన ఆప్షన్ల పట్టీ బోర్డుకు పంపుతుంది కాబట్టి అవి అక్కడే కనిపిస్తాయి, పెంచుకోండి.