ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు అడాప్టర్ ఫ్లాంజ్ చేయించడం: కొలత నుంచి బిగింపు దాకా

ఇంజను, గేర్‌బాక్స్ మార్చిన బండిలో గేర్‌బాక్స్ వెనక ఫ్లాంజ్ (బోల్ట్‌లు పట్టే గుండ్రటి పళ్లెం) ఒక రకం, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ తిప్పుడును యాక్సిల్‌కు చేర్చే గొట్టం) ఫ్లాంజ్ ఇంకో రకం అవుతాయి. మధ్యలో ఒక స్టీలు బిళ్ల పెట్టి రెండు వరసల రంధ్రాలు వేయిస్తే పని అయిపోతుందని చాలామంది అనుకుంటారు. కానీ బోల్ట్‌లు ఉన్నది బిగించి పట్టుకోవడానికే. షాఫ్ట్‌ను సెంటర్‌లో నిలిపేది ఫ్లాంజ్ నడుమ ఉండే స్పిగాట్, అంటే ఒకదాంట్లో ఒకటి కూర్చునే గుండ్రటి మెట్టు. షాఫ్ట్ ఆ చివర మోపే బరువు 4 కిలోలనుకుందాం. సెంటర్ 0.1 మి.మీ. జరిగితే చాలు, 40 మి.మీ. వ్యాసార్ధంలో 10 గ్రాముల ముక్క అతికించినంత అసమతుల్యం వస్తుంది.

ముందు రెండు ఫ్లాంజ్‌లనూ పెయింటు, తుప్పు పోయేలా శుభ్రం చేసి కొలవండి. స్పిగాట్ వ్యాసాన్ని వెర్నియర్‌తో కాదు, మైక్రోమీటర్‌తో చూడాలి. పీసీడీకి, అంటే బోల్ట్ రంధ్రాల సెంటర్ల మీదుగా పోయే వృత్తం వ్యాసానికి, ఎదురెదురు రంధ్రాల బయటి అంచుల మధ్య దూరం కొలిచి, అందులోంచి ఒక రంధ్రం వ్యాసం తీసేయండి. మూడు రంధ్రాలైతే పక్కపక్క సెంటర్ల మధ్య దూరాన్ని 1.155తో, అయిదైతే 1.701తో గుణించాలి.

తర్వాత రెండు వరసలూ ఒకే బిళ్లలో పడతాయో లేదో కాగితం మీద గీసి చూడాలి. రెండూ నాలుగు బోల్ట్‌లవైతే ఒకదాన్ని 45 డిగ్రీలు తిప్పితే చాలు. నాలుగు, ఆరు కలిస్తేనే ఇబ్బంది. 74.5 పీసీడీ మీద నాలుగు, 84 పీసీడీ మీద ఆరు ఉన్నాయనుకోండి. ఎంత తిప్పినా ఎక్కడో ఒకచోట రెండు సెంటర్ల మధ్య 11.4 మి.మీ.కు మించి దూరం దొరకదు. 8 మి.మీ. రంధ్రాలకు మధ్య గోడ 3 మి.మీ. చిల్లరే మిగులుతుంది, బోల్ట్ తల కూర్చోవడానికి చోటుండదు. అలాంటప్పుడు పల్చటి బిళ్లను బలవంతంగా ఇరికించకండి. రెండు చివర్లా వేర్వేరు ఫ్లాంజ్‌లు, మధ్యలో సన్నటి మెడ ఉండే స్పూల్ చేయించాలి.

మెటీరియల్ ఈఎన్8 (మీడియం కార్బన్ స్టీలు) సరిపోతుంది, టార్క్ ఎక్కువైతే ఈఎన్19 లేదా ఈఎన్24 (అల్లాయ్ స్టీళ్లు). స్క్రాప్‌లో దొరికిన, ఏ గ్రేడో తెలియని ప్లేటు వద్దు. ఎం10 బోల్ట్‌లకు తయారైన మందం 20 మి.మీ. ఉంచండి. ఒక వరస అలెన్ బోల్ట్‌లు లోపలికి దిగేలా 18 మి.మీ. వ్యాసం, 11 మి.మీ. లోతు కౌంటర్‌బోర్ (బోల్ట్ తల దిగే గుంట) వేస్తే తల కింద 9 మి.మీ. మిగులుతుంది. రెండో వరస రంధ్రాల్లో ట్యాప్‌తో థ్రెడ్ తీయాలి: ఎం10×1.5కు 8.5 డ్రిల్, ఎం10×1.25కు 8.8.

లేత్ పనిలోనే అసలు నాణ్యత తేలుతుంది. ఒక వైపు ముఖం, స్పిగాట్, బయటి వ్యాసం మూడూ చక్ విప్పకుండా ఒకే సెట్టింగ్‌లో తీయాలి. తిప్పి పట్టేటప్పుడు సాఫ్ట్ జాస్ (చక్‌కు వేసే మెత్తటి దవడలు) వాడి, డయల్ గేజ్ (తిరిగేటప్పుడు ఊగును చూపే ముల్లు గేజ్) పెట్టి 0.02 మి.మీ. లోపుకు తెచ్చాకే రెండో వైపు మొదలుపెట్టాలి. మామూలు మూడు దవడల చక్‌లో కళ్లతో చూసి బిగిస్తే రెండు స్పిగాట్ల సెంటర్లు కలవవు. మగ స్పిగాట్ ఆడదానికన్నా 0.02 నుంచి 0.05 మి.మీ. మాత్రమే తక్కువ ఉండాలి. ఎత్తు మాత్రం గుంట లోతుకన్నా అర మిల్లీమీటరు తగ్గించండి. లేకపోతే స్పిగాట్ అడుగున తగిలి ముఖాలు కలవవు, బోల్ట్‌లు ఎంత బిగించినా వదులవుతాయి. రంధ్రాలను పాత ఫ్లాంజ్ పెట్టి పంచ్ కొట్టకుండా, డీఆర్‌ఓ (కదలికను అంకెల్లో చూపే మీటర్) ఉన్న మిల్లింగ్ మీదో వీఎంసీ (కంప్యూటర్ నడిపే మిల్లింగ్ యంత్రం) మీదో వేయించండి.

బోల్ట్‌ల లెక్క వేయకుండా ముందుకు పోవద్దు. 10.9 గ్రేడ్ ఎం10 బోల్ట్ బిగింపు సుమారు 33 కిలోన్యూటన్లు. 84 పీసీడీ మీద నాలుగు బోల్ట్‌లు, ఘర్షణ గుణకం 0.15 అనుకుంటే ముఖాలు జారకుండా మోసేది దాదాపు 830 న్యూటన్ మీటర్లు. 200 న్యూటన్ మీటర్ల ఇంజను 4:1 మొదటి గేర్‌లోనే 800 ఇస్తుంది, అంటే మార్జిన్ దాదాపు లేదు. 2.5:1 నిష్పత్తితో లో-రేంజ్ గేర్ (టార్క్‌ను ఇంకా పెంచే అదనపు గేర్) ఉన్న జీపులో అది 2000. అక్కడ పెద్ద ఫ్లాంజ్‌కు మారడమే సరైన దారి.

అడాప్టర్ 20 మి.మీ. అయితే షాఫ్ట్ కూడా 20 మి.మీ. వెనక్కి జరుగుతుంది. బండి చక్రాల మీద నిలబడి ఉండగా స్లిప్ యోక్ (షాఫ్ట్ పొడవు మారేలా స్ప్లైన్ గాట్ల మీద జారే ముక్క) ఇంకా 20 నుంచి 25 మి.మీ. లోపలికి పోగలగాలి. అంత లేకపోతే గుంతలో పడ్డప్పుడు స్ప్లైన్ అడుగు తగిలి గేర్‌బాక్స్ వెనక బేరింగ్‌ను పొడుస్తుంది. షాఫ్ట్ కోసి తగ్గించాల్సి వస్తే ముందే ట్యూబు పొడవునా గీత గీయండి, రెండు చివర్ల జాయింట్ యోక్‌లూ (కవల కొమ్ములు) ఒకే వరసలో ఉండాలి. వెల్డింగ్ అయ్యాక బ్యాలెన్సింగ్ తప్పనిసరి. ఒక్కో యూనివర్సల్ జాయింట్ కోణం 1 నుంచి 3 డిగ్రీలు, రెండింటి తేడా 1 డిగ్రీ లోపు ఉండాలి. సున్నా కూడా మంచిది కాదు, రోలర్లు కదలక ఒకేచోట గుంటలు పడతాయి.

అడాప్టర్‌ను గేర్‌బాక్స్‌కు బిగించి ముఖం మీద, స్పిగాట్ మీద డయల్ పెట్టి తిప్పండి. 0.05 మి.మీ. దాటితే విప్పాల్సిందే. 10.9 గ్రేడ్ ఎం10కు దాదాపు 65 న్యూటన్ మీటర్లు, ఎదురెదురుగా మూడు విడతల్లో, థ్రెడ్ లాకర్‌తో. తలల మీద పెయింటు గీత పెట్టి 200 కి.మీ. తర్వాత చూడండి. గీత చెదిరితే విప్పి, శుభ్రం చేసి, కొత్తగా బిగించాలి. ముందు జాయింట్ దగ్గర 6×50 మి.మీ. పట్టీతో సేఫ్టీ లూప్ పెట్టండి, జాయింట్ విరిగినా షాఫ్ట్ రోడ్డుకు గుచ్చుకోదు.

వేగం పెరిగేకొద్దీ అదురు వస్తుంటే షాఫ్ట్ ఫ్లాంజ్‌ను అడాప్టర్ మీద 180 డిగ్రీలు తిప్పి బిగించి చూడండి. అదురు మారితే సెంటర్ లేదా బ్యాలెన్స్ తేడా. మారకుండా, యాక్సిలరేటర్ తొక్కినప్పుడే ఎక్కువవుతుంటే కోణాలు మళ్లీ కొలవాలి.