కాలినడకన సాన్ మాలో – మూడో పాఠం: ఆటుపోట్ల పట్టిక చదవడం

పోయిన పాఠంలో ఫ్రాన్స్ ఉత్తర తీరంలోని సాన్ మాలోలో రైల్వే స్టేషన్ నుంచి కోట (ప్రాకారం చుట్టిన పాత ఊరు) దాకా నడిచి, ప్రాకారం మీద ఒక చుట్టు తిరిగాం. చివర్లో ఒక ప్రశ్న ఇచ్చాను: కోట లోపలి నుంచి బోన్ సుకూర్ బీచ్‌కి ఏ ద్వారం గుండా దిగాలి? జవాబు పడమటి వైపున్న పోర్ట్ దే బే. ఎదురుగా నీళ్లలో కనిపించే రెండు బే దీవుల పేరే ఆ ద్వారానికీ ఉంది కాబట్టి మర్చిపోవడం కష్టం.

ఈసారి ఆ ద్వారం దాటి గ్రాన్ బే దీవికి నడుస్తాం. అవును, దీవికి నడిచే వెళ్తాం. అయితే ముందు ఒక పట్టిక చదవడం రావాలి. దగ్గర్లోని రెన్ నగరంలో చదువుకుంటూ శనివారం పొద్దున రైలెక్కి వచ్చే మనవాళ్లు చాలామంది ఫోన్‌లో మ్యాప్ ఒక్కటే నమ్ముకుంటారు. మిగతా ఊళ్లలో అది సరిపోతుంది. సాన్ మాలోలో మ్యాప్‌కి తోడు గడియారం కూడా కావాలి. మధ్యాహ్నం మీరు నడిచిన రాళ్ల బాట సాయంత్రానికి సముద్రంలో ఉంటుంది.

ఈ తీరంలో పెద్ద ఆటుపోట్ల రోజున నీటిమట్టం 12 మీటర్ల పైచిలుకు ఎక్కి దిగుతుంది. అంటే నాలుగంతస్తుల మేడంత. విశాఖలో ఆ తేడా రెండు మీటర్ల లోపే, అందుకే మనం బీచ్‌కి వెళ్లేటప్పుడు టైమ్ చూసుకునే అలవాటు లేకుండా పెరిగాం. అట్లాంటిక్ నుంచి ఇంగ్లిష్ చానల్లోకి వచ్చే పోటుకి కోతాన్తాన్ ద్వీపకల్పం అడ్డు నిలుస్తుంది. ముందుకు పోలేని నీరు ఈ మూలన పేరుకుంటుంది. సాన్ మాలో సరిగ్గా ఆ మూలలో ఉంది.

ఇక పట్టిక. టూరిస్ట్ ఆఫీసులో చిన్న పుస్తకంగా దొరుకుతుంది, ఫోన్‌లోనూ చూడొచ్చు. ప్రతి రోజుకీ మామూలుగా నాలుగు సమయాలుంటాయి: రెండు పోట్లు (నీరు పూర్తిగా ఎక్కే వేళలు), రెండు ఆట్లు (పూర్తిగా దిగే వేళలు). ఇక్కడ మన కళ్లు ఒక తప్పు చదువుతాయి, జాగ్రత్త. పక్కన రాసిన పి.ఎం. అంటే మధ్యాహ్నం తర్వాత అని కాదు, 'ప్లెన్ మేర్', అంటే నిండు పోటు. బి.ఎం. అంటే 'బాస్ మేర్', ఆటు. గంటలన్నీ ఇరవైనాలుగు గంటల లెక్కలోనే ఉంటాయి. ఇంకోటి, కొన్ని పట్టికలు వేసవి కాలమానం (వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరపడం) కలపకుండా అచ్చేస్తాయి. పేజీ పైభాగంలో ఆ ముక్క చదవకపోతే గంట తేడా వస్తుంది, దీవి దగ్గర గంటంటే చాలా ఎక్కువ.

సమయం పక్కన మీటర్లలో ఎత్తు ఉంటుంది. అది మీరు నిలబడ్డ చోట లోతు కాదు. నీరు దాదాపు ఎన్నడూ దిగనంత కింద ఒక మట్టాన్ని సున్నా అనుకుని, అక్కడి నుంచి కొలిచింది. పోటు దగ్గర మరో అంకె కూడా ఉంటుంది: కోఎఫిషియంట్, అంటే ఆ పూట ఆటుపోట్లు ఎంత పెద్దవో చెప్పే అంకె. ఇది 20 నుంచి 120 దాకా ఉంటుంది, 70 అంటే మధ్యస్థం. పౌర్ణమికి, అమావాస్యకి ఒకటి రెండు రోజుల తర్వాత బాగా ఎక్కువగా ఉంటుంది, అష్టమి దాటిన ఒకటి రెండు రోజులకి బాగా తక్కువగా ఉంటుంది. తిథులు చూసుకునే ఇంట్లోంచి వచ్చినవాళ్లకి ఇది ఫ్రెంచి క్లాస్‌మేట్ల కన్నా తొందరగా పట్టుబడుతుందని నా నమ్మకం.

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే: ఆటు సమయం తెలిస్తే చాలనుకుంటారు. ఆటు అన్ని రోజులూ ఒకలా ఉండదు. కోఎఫిషియంట్ 100 దాటిన రోజున నీరు అర మీటరు, మీటరు దాకా దిగిపోవచ్చు. 40 ఉన్న రోజున నాలుగు మీటర్ల దగ్గరే ఆగిపోవచ్చు. మొదటి రోజున ఇసుక కనుచూపు మేర పరుచుకుంటుంది. రెండో రోజున అదే 'ఆటు' వేళకు వస్తే అందులో సగం కూడా బయటపడదు.

ఇప్పుడు కాగితం తీయండి. లెక్క కోసం నేను అనుకున్న అంకెలు ఇవి: ఆటు 14:30కి, ఎత్తు 0.5 మీటర్లు. పోటు 20:00కి, ఎత్తు 12.5 మీటర్లు. తేడా 12 మీటర్లు. సమయం ఐదున్నర గంటలు, దాన్ని ఆరు భాగాలు చేస్తే ఒక్కోటి 55 నిమిషాలు. నావికులు వాడే పన్నెండో వంతు సూత్రం ప్రకారం ఈ ఆరు భాగాల్లో నీరు వరసగా 1, 2, 3, 3, 2, 1 వంతులు ఎక్కుతుంది. వంతు అంటే మొత్తం తేడాలో పన్నెండో భాగం, ఇక్కడ ఒక మీటరు. కాబట్టి 15:25కి 1.5 మీటర్లు, 16:20కి 3.5, 17:15కి 6.5, 18:10కి 9.5, 19:05కి 11.5, చివరికి 20:00కి 12.5.

మధ్యలో ఉన్న రెండు భాగాల్నీ మళ్లీ చూడండి. 55 నిమిషాల్లో మూడు మీటర్లు. నిమిషానికి ఐదు సెంటీమీటర్ల పైనే. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, రెండు సెల్ఫీలు దిగేసరికి పాదాలు తడిసిన చోట మోకాళ్ల దాకా వస్తుంది. మొదటి గంటలో మాత్రం నీరు కదలనట్టే ఉంటుంది. 'ఇంకా చాలా టైముందిలే' అనిపించేది అప్పుడే. ఇది ఉజ్జాయింపు సూత్రమే, గాలి ఒత్తిడిని బట్టి అసలు మట్టం కాస్త మారుతుంది. అయినా ఊరు తిరగడానికి ఇది చాలు.

దీవికి వెళ్లే బాట ఏ మట్టం దగ్గర మునుగుతుందో నేను చెప్పను, మీరే కనుక్కోండి. ఈ పాఠంలో అసలు పని అదే. నీరు దిగే వేళ బోన్ సుకూర్ పైన ప్రాకారం మీద నిలబడండి. బాట మీద చిట్టచివరి రాయి బయటపడిన క్షణాన టైమ్ రాసుకోండి. ఆ రోజు పట్టికతో పైన చేసినట్టే లెక్క కడితే, ఆ టైముకి నీరు ఎన్ని మీటర్ల దగ్గరుందో తెలుస్తుంది. దిగేటప్పుడు లెక్క పోటు నుంచి ఆటుకి చేయాలి, వంతులు అవే. వచ్చిన అంకెను పుస్తకం అట్ట మీద రాసుకోండి. ఇక ఏ నెలలో, ఏ తిథిన వచ్చినా ఆ ఒక్క అంకెతో బాట ఎప్పుడు తెరుచుకుంటుందో, ఎప్పుడు మూసుకుంటుందో మీరే చెప్పగలరు. నిలబడి చూస్తున్నంతసేపూ బోర్ కొట్టదు. కింద బీచ్‌లోనే సముద్రపు నీటి కొలను ఉంది. నిండు పోటులో దాని గోడలు మునిగి, దూకడానికి కట్టిన కాంక్రీటు బురుజు మాత్రం పైకి కనిపిస్తుంది. నీరు దిగేకొద్దీ కొలను అంచులు ఒక్కోటీ తేలతాయి. మీ లెక్కకి అది రెండో కొలబద్ద.

వెళ్లే రోజున ఆటుకి గంటన్నర ముందు బయల్దేరి, ఆటు దాటకముందే వెనక్కి రావడం మొదటిసారికి మంచి పద్ధతి. బాట మీద పాచి ఉంటుంది, అరిగిన స్పోర్ట్స్ షూ వద్దు. గ్రాన్ బే మీద ఈ ఊళ్లోనే పుట్టి 1848లో పోయిన రచయిత షాతోబ్రియాన్ సమాధి ఉంది: సముద్రం వైపు తిరిగిన రాతి శిలువ, పేరు కూడా చెక్కని పలక. దాని అవతలి ప్తీ బే కోటకి ఇంకాస్త నడవాలి. ఆ ఆశ ఈసారికి వద్దు.

ఒకవేళ ఆలస్యమై బాట మీదికి నీరు వచ్చేసిందనుకోండి, దాటే ప్రయత్నం చేయొద్దు. చీలమండల లోతే కదా అని దిగితే మధ్యలో నడుం దాకా వస్తుంది, పక్క నుంచి ప్రవాహం లాగుతుంది. దీవి మీదే, ఎత్తున కూర్చోండి. తర్వాతి ఆటుకి దారి దానంతటదే వస్తుంది. చలి వేస్తుంది, రైలు పోతుంది, అంతకుమించి నష్టం లేదు. ప్రమాదం అనిపిస్తే ఫ్రాన్స్ తీరమంతటా సముద్ర రక్షణకి 196 నంబర్ పనిచేస్తుంది.

కోఎఫిషియంట్ తక్కువున్న రోజున వచ్చి ఇరుక్కుంటే కోట లోపలే తిరగండి. 1944 ఆగస్టులో దాదాపు పూర్తిగా కూలి, తర్వాత పాత పోలికతో మళ్లీ కట్టిన వీధులవి. 1746లో మద్రాసును ఇంగ్లిష్‌వాళ్ల నుంచి పట్టుకున్న ఫ్రెంచి నావికాధికారి లా బుర్దొనే పుట్టిందీ ఈ ఊళ్లోనే.

అభ్యాసం: ఆటు 10:00కి, 4.2 మీటర్లు. పోటు 15:30కి, 9.0 మీటర్లు. నీరు 6.6 మీటర్లు చేరేది ఎన్నింటికి? ఇదే రోజున, 4 మీటర్ల దగ్గర మునిగే బాట ఒకటుంటే అది ఎంతసేపు తెరిచి ఉంటుంది? రెండో ప్రశ్నకి లెక్క అక్కర్లేదు, పట్టిక చూస్తే చాలు.

వచ్చే పాఠంలో కోట వదిలి, జి.ఆర్. 34 కాలిబాట పట్టుకుని సాన్ సెర్వాన్ మీదుగా రాన్స్ నది ఆనకట్ట దాకా నడుస్తాం. ఇదే ఆటుపోట్లతో 1966 నుంచి కరెంటు తీస్తున్న చోటది. నీళ్ల బాటిల్, వాన కోటు తప్పనిసరి. పట్టిక పుస్తకం కూడా తెచ్చుకోండి.