పీఎస్2 ఎమ్యులేషన్ పాఠాలు – 4: ఆట నెమ్మదిస్తే బరువు ఎక్కడ పడుతోందో పట్టుకోవడం

గత పాఠం చివర, పీసీఎస్ఎక్స్2 (కంప్యూటర్ మీద పీఎస్2 ఆటలు ఆడించే ఎమ్యులేటర్) తెర మూలన కనిపించే స్పీడ్ అంకె చూసి రాసిపెట్టుకోమన్నాను. చాలామంది దాని బదులు ఎఫ్‌పీఎస్ అంకె రాసుకున్నారు. "నాకు 30 మాత్రమే వస్తోంది, 60 రావాలి కదా" అని టెన్షన్ పడ్డారు. పోనీ అక్కడితో ఆగారా అంటే, సెట్టింగుల్లో ఈఈ సైకిల్ రేట్ కనిపించగానే దాన్ని 300 శాతానికి పెంచేశారు. అంతవరకూ సాఫీగా నడిచిన ఆటలు కూడా దాంతో కుంటుతున్నాయి. ఈసారి గ్రాఫిక్స్ సెట్టింగులన్నీ ఒక్కొక్కటిగా చూద్దామనుకున్నాను. ఈ చిక్కు విప్పకుండా అవి చెప్పినా ఉపయోగం లేదు.

తెర మీద మూడు అంకెలుంటాయి. స్పీడ్ 100 శాతం ఉంటే ఆట అసలు కన్సోల్ వేగంతో నడుస్తున్నట్టు. వీపీఎస్ అంటే కన్సోల్ టీవీకి సెకనుకు ఎన్నిసార్లు తెర పంపుతోందో ఆ లెక్క: జపాన్, అమెరికా డిస్కులకు 59.94, ఐరోపా డిస్కులకు 50. ఎఫ్‌పీఎస్ అంటే ఆ సెకనులో ఆట నిజంగా గీసిన కొత్త బొమ్మలు. గ్రాన్ టురిస్మో 4 సెకనుకు 60 బొమ్మలు గీసేలా తయారైంది. షాడో ఆఫ్ ద కొలోసస్ 30 గీసేలా తయారైంది. కాబట్టి ఆ రెండో ఆటలో స్పీడ్ 100, వీపీఎస్ 59.94, ఎఫ్‌పీఎస్ 30 కనిపిస్తే మీ కంప్యూటర్‌లో ఏ లోపమూ లేదు. ఏ సెట్టింగూ ముట్టుకోకండి. స్పీడ్ అంకె 100 కంటే కిందికి జారి, పాట సాగినట్టు వినిపిస్తేనే అది నెమ్మదించడం.

ఇక సైకిల్ రేట్ సంగతి. దీని దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఎక్కువ మంది పడిపోయేది ఇక్కడే. పీఎస్2లోని ప్రధాన ప్రాసెసర్ పేరు ఎమోషన్ ఇంజన్, దాన్నే ఈఈ అంటున్నాం. దాని వేగం 294.912 మెగాహెర్ట్జ్. తెర సెకనుకు 59.94 సార్లు మారుతుంది కాబట్టి, ఒక్కో తెరకు అది సుమారు 49 లక్షల సైకిళ్లు తిరుగుతుంది. ఆ సైకిళ్లలో జరిగే పనినంతా మీ ప్రాసెసర్ తన భాషలోకి మార్చుకుని 16.7 మిల్లీసెకన్లలో ముగించాలి. సైకిల్ రేట్ 300 శాతం చేశారనుకోండి, ఆ 49 లక్షలు దాదాపు కోటీ 47 లక్షలవుతాయి. గడువు మాత్రం అదే 16.7 మిల్లీసెకన్లు. మీరు వేగం పెంచింది లోపల ఉన్న ఊహా ప్రాసెసర్‌కి. ఆ బరువు మోయాల్సింది మీ టేబుల్ మీద ఉన్న అసలు ప్రాసెసర్.

మరి ఆ సెట్టింగ్ ఎందుకు పెట్టారు? షాడో ఆఫ్ ద కొలోసస్ 2005లో వచ్చినప్పుడు అసలు పీఎస్2 మీదే 30ని నిలబెట్టుకోలేక తడబడేది. అలాంటి ఆటలో, మీ కంప్యూటర్‌కి మిగులు శక్తి ఉంటే, 130 శాతం పెట్టడం వల్ల ఆ పాత తడబాటు తగ్గుతుంది. మిగులు లేనివాళ్లకు అది నష్టమే.

సైకిల్ రేట్‌ను 75కో 50కో తగ్గిస్తే మీ ప్రాసెసర్‌కి ఊపిరి ఆడుతుంది, కానీ ఆటకు అందే సమయం కూడా తగ్గుతుంది. అప్పుడు ఆటే కొన్ని బొమ్మలు వదిలేయడం మొదలుపెడుతుంది. ఈఈ సైకిళ్లను కొన్ని వదిలేయించే సైకిల్ స్కిప్ అయితే ఇంకా మోసం: స్పీడ్ 100 అని చూపిస్తుంది, కళ్లకు మాత్రం ఆట గతుకులు గతుకులుగా కనిపిస్తుంది. కొలబద్దనే చెడగొట్టే సెట్టింగ్ అది, నేను దాని జోలికి పోను. సైకిల్ రేట్ 100 శాతానికి, సైకిల్ స్కిప్ డిసేబుల్డ్‌కి మార్చాకే తర్వాతి మాట చదవండి.

ఆట నెమ్మదించిందంటే బరువు రెండు చోట్లలో ఒకచోట పడుతోంది: ప్రాసెసర్ మీదో, గ్రాఫిక్స్ చిప్ మీదో. ఏ చోటో తేల్చే పద్ధతి ఇది. ఆట బాగా ఇబ్బంది పెట్టే చోటికి వెళ్లి ఎఫ్1 నొక్కి సేవ్ చేయండి. ఇకపై ప్రతి పరీక్షకూ ఎఫ్3 నొక్కి అక్కడికే రండి. వేర్వేరు సన్నివేశాల అంకెలు పోలిస్తే ఏమీ తేలదు. తర్వాత ఎఫ్4 నొక్కి వేగపరిమితి తీసేయండి. స్పీడ్ 100 దాటి 140 చూపిస్తే మీకు 40 మిగులున్నట్టు. ఇప్పుడు ఇంటర్నల్ రిజల్యూషన్‌ను నేటివ్‌కి, అంటే పీఎస్2 గీసే అసలు సైజుకి, దించి మళ్లీ చూడండి. అంకె బాగా పెరిగితే బరువు గ్రాఫిక్స్ చిప్‌ది. కదలకపోతే ప్రాసెసర్‌ది.

గ్రాఫిక్స్ చిప్ అని తేలితే రిజల్యూషనే మొదటి మందు. పీఎస్2 సాధారణంగా గీసే బొమ్మ 640 నిలువు వరసలు, 448 అడ్డ వరసలు, అంటే 2.87 లక్షల చుక్కలు. 3ఎక్స్ పెడితే (నిలువుకీ అడ్డానికీ మూడేసి రెట్లు) అవి 25.8 లక్షలవుతాయి, తొమ్మిది రెట్లు. నేనైతే ల్యాప్‌టాప్ తెర మీద 2ఎక్స్ దాటను. బ్లెండింగ్ యాక్యురసీని (రంగులు ఒకదానిలో ఒకటి కలిసే తీరును ఎంత కచ్చితంగా చూపాలో చెప్పే సెట్టింగ్) బేసిక్ దగ్గరే ఉంచండి. రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న ల్యాప్‌టాప్ అయితే విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో గ్రాఫిక్స్‌లోకి వెళ్లి, పీసీఎస్ఎక్స్2కి హై పెర్ఫార్మెన్స్ ఎంచుకోండి. లేకపోతే విడి కార్డు ఊరికే కూర్చుని, చిన్న చిప్ మోస్తూ ఉండొచ్చు. విడి కార్డు లేని ల్యాప్‌టాప్‌లో ఒకే ర్యామ్ స్టిక్ ఉండి, రెండో స్లాట్ ఖాళీగా ఉంటే రెండోది వేయించండి. ఆ చిప్ వాడుకునేది మామూలు ర్యామ్‌నే కాబట్టి తేడా కనిపిస్తుంది.

ప్రాసెసర్ అని తేలితే, "టాస్క్ మేనేజర్‌లో 25 శాతమే చూపిస్తోంది కదా" అనకండి. ఈఈ పని అంతా ఒకే థ్రెడ్ (ప్రాసెసర్‌లో పని నడిచే ఒక దారి) మీద నడుస్తుంది. ఎనిమిది థ్రెడ్ల ప్రాసెసర్‌లో ఒకటి పూర్తిగా నిండినా మొత్తం లెక్కలో అది ఎనిమిదో వంతే. ఎమ్యులేటర్ చూపించే ఈఈ, జీఎస్ (పీఎస్2 గ్రాఫిక్స్ చిప్ పని), వీయూ (లెక్కలు చేసే వెక్టర్ యూనిట్ పని) శాతాలు చూడండి, ఏది వందకు అంటుకుందో అదే అడ్డం. ఎంటీవీయూ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే వెక్టర్ యూనిట్ పని విడి థ్రెడ్‌కి వెళ్తుంది. నాలుగు కోర్లున్నవాళ్లు చాలా ఆటల్లో దాన్ని ఆన్‌లోనే ఉంచొచ్చు. ఛార్జర్ పెట్టండి, పవర్ మోడ్ మార్చండి. ఆట మొదట్లో బాగుండి పావుగంట తర్వాత పడిపోతే అది వేడి. టాస్క్ మేనేజర్‌లో గిగాహెర్ట్జ్ అంకె కూడా పడిపోతుంటుంది. ఫ్యాన్ దుమ్ము తీయించండి.

అనుకోకుండా ఎఫ్9 నొక్కి సాఫ్ట్‌వేర్ రెండరర్‌లోకి పోయినవాళ్లూ ఉన్నారు. బొమ్మంతా ప్రాసెసరే గీస్తుంది అక్కడ. మళ్లీ ఎఫ్9 నొక్కితే సరి.

అభ్యాసం: మూడు ఆటలు, ఒక్కోదానిలో రెండు బరువైన సన్నివేశాలు. ప్రతి సన్నివేశంలో ఎఫ్4తో వేగపరిమితి తీసేసి నేటివ్, 2ఎక్స్, 3ఎక్స్ దగ్గర స్పీడ్, ఈఈ, జీఎస్, వీయూ అంకెలు రాయండి. ఈ వరసంతా వల్కన్ రెండరర్‌లో (బొమ్మ గీసే పద్ధతి) ఒకసారి, డైరెక్ట్3డీ 11 రెండరర్‌లో ఒకసారి చేయండి. మొత్తం 36 వరసల పట్టిక అవుతుంది. వచ్చే పాఠంలో రెండరర్ల గురించి మాట్లాడేటప్పుడు ఆ పట్టిక మీ చేతిలో ఉండాలి. స్పీడ్ గడిలో ఎఫ్‌పీఎస్ రాయకండి.