చిన్న కుక్కకు ఫ్లీ మందు వేసే ముందు ఇవి చూసుకోండి

వాతావరణం వెచ్చగా, తేమగా మారిందంటే ఫ్లీలు మొదలైనట్టే. వెంట్రుకల్లోంచి టక్కున ఎగిరి దూకే ఆ గోధుమరంగు పురుగుల్ని చూడగానే దొరికిన మందేదో వెంటనే వేసేయాలనిపిస్తుంది. మీ ఇంట్లో ఉన్నది రెండు మూడు కిలోల పామరేనియనో చివావానో అయితే దయచేసి ఆ తొందర వద్దు.

మా పామరేనియన్ విషయంలో నేను చేసిన తప్పు చెప్తాను. నాలుగు కిలోలు ఉంటుందిలే అనుకుని, నాలుగు దాటిన కుక్కలకు అని రాసి ఉన్న చుక్కల మందు రాత్రి తొమ్మిదిన్నరకి మెడ వెనక వేసి పడుకోబోయాను. గంటన్నర తిరక్కుండానే చొంగ కారుస్తూ, పెదాలు నాక్కుంటూ, భుజాల దగ్గర చర్మం అలలు అలలుగా అదురుతుంటే వెనక్కి తిరిగి వీపు కొరుక్కోవడం మొదలుపెట్టింది. ఆ టైంలో తెరిచున్న క్లినిక్ ఒక్కటీ లేదు. గిన్నెలు తోమే లిక్విడ్‌తో, గోరువెచ్చని నీళ్లతో రెండుసార్లు కడిగి, టవల్‌లో చుట్టి తెల్లారేదాకా ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నా. పొద్దున డాక్టర్ దగ్గర తూకం వేస్తే 3.2 కిలోలు. అదృష్టం, కోలుకుంది.

అందుకే మందు కొనే ముందు తూకం చూడండి, అంచనా వద్దు. కుక్కని ఎత్తుకుని మనం తూగే మిషన్ ఎక్కి మన బరువు తీసేస్తే అర కిలో అటూ ఇటూ వస్తుంది. ముప్పై కిలోల కుక్కకి అర కిలో లెక్కలోకి రాదు, మూడు కిలోల కుక్కకి అది ఆరో వంతు. క్లినిక్‌లో తూకం వేయించి, ఆ అంకె, ప్యాకెట్ మీద ఉన్న బరువు, వయసు పక్కపక్కన పెట్టి చూసుకోండి. చాలా మందులు ఎనిమిది వారాల లోపు పిల్లలకు, రెండు కిలోల లోపు కుక్కలకు వేయకూడదు. అంత చిన్నవాటికి సన్నపళ్ల ఫ్లీ దువ్వెనతో దువ్వి, వచ్చిన పురుగుల్ని సబ్బునీళ్లలో ముంచడమే మంచిది. పెద్ద కుక్కల ట్యూబ్ కొని సగం వేయడం, పశువుల మందు నీళ్లలో కలిపి పూయడం అస్సలు చేయకండి, డబ్బు మిగులుతుందని ఎవరు చెప్పినా సరే.

ఇదేదో నా ఒక్కదాని భయం కాదు. అమెరికాలో చుక్కల మందుల మీద ఫిర్యాదులు పెరగడంతో 2009లో అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ వాటిని పరిశీలించడం మొదలుపెట్టింది. ఇబ్బందులు చిన్న జాతుల్లోనే ఎక్కువగా కనిపించాయని 2010లో చెప్పింది. ఇక నమిలే మాత్రల సంగతి: అఫోక్సోలానర్, ఫ్లూరాలానర్, సారోలానర్, లోటిలానర్ రకం మందులతో కొన్ని జంతువుల్లో వణుకు, తూలడం, ఫిట్స్ రావచ్చని అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది. ఎక్కువ కుక్కలకు ఏమీ కాదు, నిజమే. కానీ మీ కుక్కకి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే డాక్టర్‌కి ముందే చెప్పి తీరాలి. చుక్కల మందైతే కడగొచ్చు, మాత్ర మింగాక వెనక్కి తీయలేం. అందుకే మొదటిసారి వాడేటప్పుడు మూడు నెలలు పనిచేసేది కాకుండా నెలకు సరిపోయేది అడగమంటాను.

వేసే రోజు కూడా ముఖ్యమే. పొద్దున్నే వేయండి, ఇంట్లో మనిషి ఉండే రోజు, క్లినిక్ తెరిచుండే రోజు. ఒంట్లో బాగోనప్పుడు వద్దు. మెడకి ఫ్లీ కాలర్ ఉండగా పైన చుక్కలు, ఆ పైన పౌడర్ అని ఒకదాని మీద ఒకటి వేయకండి. చుక్కల మందు వెంట్రుకల మీద కాదు, పాయ తీసి చర్మం మీద, నాలుక అందని చోట వేయాలి. ఇంట్లో పిల్లి ఉంటే పర్మెత్రిన్ అనే పురుగుమందు కలిసినది కొనకండి, అది పిల్లి ప్రాణం తీస్తుంది.

చొంగ, వాంతులు, వణుకు, తూలడం, ఏది కనిపించినా ముందు డాక్టర్‌కి ఫోన్ చేయండి. చుక్కల మందైతే పైన చెప్పినట్టు కడిగి వెంటనే తుడిచి వెచ్చగా ఉంచండి, చిన్న ఒళ్లు త్వరగా చల్లబడిపోతుంది. ఫిట్స్ వస్తుంటే మాత్రం కడుగుతూ కూర్చోకుండా తీసుకెళ్లిపోండి. బలవంతంగా వాంతి చేయించకండి. ఖాళీ ప్యాకెట్ వెంట తీసుకెళ్లండి, లోపల ఏ మందుందో డాక్టర్‌కి అదే చెబుతుంది.

ఇంకొక్కటి, చాలామంది ఇక్కడే పొరబడతారు. మందు వేసిన నాలుగైదు రోజులకి మళ్లీ ఫ్లీలు కనిపిస్తాయి. పని చేయలేదనుకుని రెండో డోసు వేసేస్తారు. అవి చాలావరకు, పిల్లపురుగులు కట్టుకున్న గూళ్లలోంచి కొత్తగా బయటికొచ్చినవి. కుక్క ఒంటి మీద కనిపించేవి కొన్నే, గుడ్లూ పిల్లపురుగులూ దాని పరుపులో, కార్పెట్లో, సోఫా సందుల్లో ఉంటాయి. పరుపు గలీబుల్ని వేడినీళ్లలో ఉతకండి, మూలమూలలా వాక్యూమ్ చేసి ఆ దుమ్ముని అదే రోజు బయట పడేయండి. రెండో డోసు ఎప్పుడన్నది ప్యాకెట్ మీద రాసిన రోజుల లెక్క ప్రకారమే. అప్పటికి మళ్లీ ఒకసారి తూకం వేయించండి.