ఏప్రిల్ నెలలో మంచు కొండలకు వెళ్లేవారు వేళను, వాలును గమనించే పద్ధతి

నెల్లూరు జిల్లా సంగం మండలంలో పుట్టి, 2006లో 172 రోజుల్లోనే ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలనూ ఎక్కిన మల్లి మస్తాన్ బాబు మన జిల్లావాడు. 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ఆయనను పోగొట్టుకున్నా, నెల్లూరు, కావలి, ఒంగోలు కుర్రవాళ్లకు కొండలపై మక్కువ తగ్గలేదు. పరీక్షలు ముగియగానే హిమాలయాలకు బయలుదేరేవారు ఏ బూట్లు కొనాలి, ఎన్ని స్వెటర్లు వేసుకోవాలి అని అడుగుతారు. మంచు వాలును ఉదయం ఎన్నింటిలోగా దాటేయాలి అని అడిగేవారు మాత్రం అరుదు. మంచుచరియలు జారిపడే వసంతకాలంలో అన్నిటికంటే ముందు అడగవలసింది అదే.

రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే మంచు తనలోని వేడిని పైకి వదిలేసి గట్టిగా గడ్డకడుతుంది. తెల్లవారుజామున దానిపై బూటు మోపినా గుర్తు సరిగా పడదు. ఎండ ఎక్కేకొద్దీ పైపొర కరిగి, ఆ నీరు లోపలి రేణువుల మధ్యకు దిగి వాటి పట్టును వదులు చేస్తుంది. అందుచేత ఉదయం అయిదింటికి భద్రంగా దాటిన వాలే మధ్యాహ్నానికి జారిపడవచ్చు. మూడు, నాలుగు గంటలకే నడక మొదలుపెట్టి, పది, పదకొండు గంటలకల్లా నిటారు వాలుల నుంచీ, వాటి కింది లోయల నుంచీ బయటపడేలా ప్రయాణాన్ని అమర్చుకోవాలి. అయితే గడియారాన్ని ఒక్కదాన్నే నమ్మకూడదు. మబ్బు పట్టిన రాత్రి మన ఊళ్లో డాబా మీద పడుకున్నా ఉక్క తగ్గకపోవడం అందరికీ తెలిసినదే. కొండ మీద కూడా ఆ మబ్బే వేడిని పోనివ్వదు గనుక మంచు గడ్డకట్టదు, తెల్లవారేసరికే ప్రమాదం సిద్ధంగా ఉంటుంది. అలాంటి ఉదయం బయలుదేరకపోవడమే మేలు.

కాలు చెప్పే మాట వినాలి. బూటు చీలమండ దాకా దిగబడుతుంటే వెనుదిరిగే వేళ అయిందని అర్థం. పిక్కల దాకా దిగబడితే ఇప్పటికే ఆలస్యమైంది. వాలుపై చిన్న మంచు ముద్దలు తమంతట తామే దొర్లడం, కాలికింద ధబ్బుమన్న చప్పుడుతో మంచు కుంగడం, అడుగు దగ్గర నుంచి బీట పాకడం, వీటిలో ఏది కనిపించినా ముందుకు వెళ్లకూడదు. తూర్పు వాలులు ముందుగా, ఆ తరువాత దక్షిణపువి, మధ్యాహ్నం దాటాక పడమటివి మెత్తబడతాయి. ఉత్తరపు వాలులు చల్లగా ఉంటాయి గనుక భద్రమని అనుకోవడం పొరపాటు. గాలి మోసుకొచ్చి పేర్చిన మంచు అక్కడ పలకలా బిగిసి, కింది బలహీనమైన పొరపై చాలా రోజులు పొంచి ఉంటుంది.

మంచుచరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో విరిగిపడతాయి. ఈ కోణాన్ని గుర్తుపట్టడం ఇంటి దగ్గరే నేర్చుకోవచ్చు. ఇల్లు కట్టేచోట పోసిన పొడి ఇసుక కుప్ప పక్కవాలు దాదాపు 34 డిగ్రీలు ఉంటుంది. సమాన పొడవున్న రెండు కర్రలు తీసుకుని, ఒకదాన్ని ఆ వాలుపై నిలువుగా నిలబెట్టండి. రెండోదాని పిడిని దానికి ఆనించి, కొనను కుప్పవైపు అడ్డంగా చాచి, ఆ కొన ఇసుకకు తగిలేదాకా పిడిని నిలువు కర్ర వెంట పైకీ కిందికీ జరపండి. అప్పుడు పిడి నిలువు కర్ర పై చివరన ఉంటే 45 డిగ్రీలు, నడిమికి కాస్త పైన ఉంటే 30, సరిగ్గా నడుమ ఉంటే 27. ఇసుక కుప్పపై అది నిలువు కర్రకు మూడింట రెండు వంతుల ఎత్తున ఉంటుంది. రెండు మూడుసార్లు చేస్తే కంటికి ఆ వాలు అలవాటవుతుంది. మీరు నిలుచున్న నేల చదునైనదే అయినా, తలపై అలాంటి వాలు ఉంటే ప్రమాదం మీకూ ఉన్నట్లే. 2023 ఏప్రిల్ 4న సిక్కింలోని నాథులా దారిలో మంచుచరియల కింద చిక్కి మరణించిన ఏడుగురూ పర్యాటకులే.

రక్షణ పరిశోధన సంస్థ డి.ఆర్.డి.ఓ.కు చెందిన, మంచుచరియలను అంచనా వేసే డి.జి.ఆర్.ఇ. చండీగఢ్ నుంచి ఇచ్చే హెచ్చరికలను ముందురోజు సాయంత్రమే చూడాలి. ప్రమాదానికి అయిదు స్థాయిలు ఉంటాయి. మూడో స్థాయిని మధ్యరకమని తేలికగా తీసుకోవద్దు.

వాలును దాటక తప్పనప్పుడు ఒక్కొక్కరే దాటాలి, మిగిలినవారు భద్రమైన చోట నిలిచి చూస్తుండాలి. ప్రతి ఒక్కరి ఒంటిపై ట్రాన్స్‌సీవర్ (మంచు కింద ఉన్నవారి జాడను రేడియో సంకేతాలతో తెలిపే చిన్న పరికరం), సంచిలో మంచులో గుచ్చి వెదికే పొడవాటి శోధన కడ్డీ, పార ఉండాలి. చరియ కదిలితే గట్టిగా కేకవేసి పక్కకు తప్పుకోవడానికి చూడాలి. చిక్కుకుంటే పైకి తేలడానికి పెనుగులాడి, మంచు నెమ్మదించే క్షణంలో ముఖం ముందు చేతులు అడ్డుపెట్టి ఊపిరికి చోటు చేసుకోవాలి. ఆగిన తడి మంచు సిమెంటులా బిగుస్తుంది, ఆ తరువాత వేలు కూడా కదలదు. బయట ఉన్నవారు ఆ మనిషి చివరగా కనిపించిన చోటును గుర్తుపెట్టుకుని, అక్కడి నుంచి కిందికి వెంటనే వెదకాలి. మొదటి పదిహేను నిమిషాల్లో బయటికి తీసినవారిలో చాలామంది బతుకుతారు. ఆ తరువాత ఆ అవకాశం వేగంగా సన్నగిల్లుతుంది గనుక, సహాయం కోసం అందరూ కిందికి పరుగెత్తకుండా, ఉన్నవారే తవ్వడం మొదలుపెట్టాలి.